ఎదురుగా కూర్చున్నవాళ్ళు

వైశాలి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నంత సేపట్లో విజయేందర్ ఆమె బొమ్మలన్నీ సెల్‌ఫోన్లోకి ఎక్కించేశాడు. ఆమె తుడుచుకుంటూ వచ్చేసరికి తన బల్ల ముందు బుద్ధిమంతుడిలా కూర్చుని కార్డు మీది పెళ్లికొడుక్కి మీసాలు దిద్దుతున్నాడు.

అబిడ్స్‌లో ఒక పాత బిల్డింగు పై అంతస్తులో ఇద్దరూ కలిసి ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఇద్దరిదీ బొమ్మలు వేసే పనే. విజయేందర్‌కు ఆర్డర్లకేం కొదవలేదు. పెళ్లి కార్డు మీద గుర్రమెక్కిన వరుడు, స్వీటు డబ్బా మీద లడ్డూ తినే ఏనుగు, కోచింగ్ సెంటర్ గోడ మీద తెల్లకోటు తొడిగిన పిల్లాడు, ఎవరేది అడిగితే అది. పొట్ట తగ్గించమంటే తగ్గించేవాడు, జుట్టు పెంచమంటే పెంచేవాడు. ఎవరూ అడక్కుండా వేసిన బొమ్మ మాత్రం అతని దగ్గర ఒక్కటీ లేదు.

ఆ లోటు ఇన్నాళ్లూ అతనికి తెలియనే లేదు. తన బొమ్మలతో ప్రదర్శన పెట్టమని అడగబోతే, నాంపల్లిలో గ్యాలరీ నడిపే ప్రహ్లాద్ గారు తెలియజెప్పారు.

"ఆర్డర్ల బొమ్మలు నాకొద్దు విజయేందర్. నీ కోసం నువ్వు గీసుకున్నయి తే. గోడలన్నీ నీకే ఇస్త. కానీ వేరేటోళ్ల పని తెచ్చి నీదన్నవనుకో, శహర్ల ఏ గ్యాలరీ నిన్ను గడప దాటనియ్యదు."

పాపం, విజయేందర్ నిజాయితీగానే మొదలుపెట్టాడు. పొద్దంతా తెల్ల కాగితం ముందు కూర్చుని, ఆత్మను తవ్వి తవ్వి, సాయంత్రానికి అలవాటుకొద్దీ ఒక లడ్డూ వేశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

వైశాలి తీరు వేరు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తూ వేస్తూ, ఉన్నట్టుండి పని ఆపేసి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్లేది. తిరిగొచ్చాక చాలాసేపు చేతులు కడుక్కునేది. ఆ పూట అన్నం ముట్టేది కాదు. కూర్చుని ఒక ముఖం గీసేది. ఒకసారి ముసలాయన, ఒకసారి కూలీ, ఒకసారి కాలేజీ పిల్ల. ఎవరినీ పక్కకు తిప్పి గీయదు, అందరూ తిన్నగా ఎదురుగా చూసేవాళ్లే. ముక్కూ చెంపలూ చకచకా వేసేసి కళ్ల దగ్గర ఆగిపోయేది. గీసేది, చెరిపేది, మళ్లీ గీసేది.

వాళ్లు స్టేషన్లో కూర్చున్న ప్రయాణికులై ఉంటారని విజయేందర్ ఊహించాడు. అయినా ఒకసారి అడిగాడు.

"ఎవరు వైశాలి వీళ్లంత?"

"పేర్లు తెల్వదన్నా. తెల్వకనే గీస్తున్న."

"అమ్ముతవా?"

"అమ్మెటియి గావన్నా ఇవి."

"మరెందుకు గీసుడు?"

"ఎవరో ఒకరు గియ్యాలె గదా" అని ఆమె మళ్లీ కళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఎంత పొగరు, అనుకున్నాడు విజయేందర్. కళాకారులంటే ఇలాగే మాట్లాడాలి కాబోలనుకుని ఆ మాట కూడా గుర్తుపెట్టుకున్నాడు.

ఫోన్లోని ముఖాల్ని కాచిగూడలోని తన ఇంట్లో పెద్ద పెద్ద కాగితాల మీదికి బొగ్గుతో దించాడు. కళ్లు కూడా ఆమె వేసినట్టే వేశాడు. కింద పెట్టిన సంతకం మాత్రం పూర్తిగా సొంతమే. వైశాలి గ్యాలరీల మొహం చూసే రకం కాదు కాబట్టి ఆ భయమూ లేదు.

'నా ఎదురుగా కూర్చున్నవాళ్లు' అని పేరు పెట్టి ప్రదర్శన తెరిచారు. ఆ పొద్దున్నే పేపర్లో బొమ్మలతో సహా విజయేందర్ ఫొటో వచ్చింది. జనం బాగానే వచ్చారు. ఒకావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. "అన్ని కండ్లల్ల ఒకటే దుఃఖం!" అని ప్రహ్లాద్ గారు మురిసిపోయారు. ఎవరో అడిగితే విజయేందర్ తల వంచి, "ఎవరో ఒకరు గియ్యాలె గదా" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

చేతిలో పేపర్ మడిచి పట్టుకున్న ఒకాయన మాత్రం చప్పట్లు కొట్టలేదు. నెరిసిన మీసాలు, మామూలు చొక్కా. ప్రతి బొమ్మ ముందూ ఆగి ఆగి చూసి, చివరికి విజయేందర్ దగ్గరికి వచ్చాడు.

"నా పేరు కరుణాకర్ సార్. ఇవన్నీ మీరే గీసిన్రా?"

"నేనే. ఒక్క గీత గూడ వేరేటోళ్లది గాదు."

"ఫొటోలు చూసి గీసిన్రేమో?"

ప్రహ్లాద్ గారు ఇటు తిరిగి చూశారు. విజయేందర్ గొంతు పెంచాడు.

"ఫొటోలా! మనిషి ఎదురుంగ కూసుంటెనే నా చెయ్యి లేస్తది సార్. ఒక్కొక్కరితోని చాయ్ తాగిన, కష్టం సుఖం మాట్లాడిన. గప్పుడే గీసిన."

కరుణాకర్ ముసలాయన బొమ్మ వైపు వేలు చూపించాడు. "గీ పెద్దాయనతోని గూడనా?"

"ఆయన నాకు మస్తు దోస్తు. బొమ్మ చూసి, 'నన్ను బతికించినవ్ బిడ్డా' అన్నడు."

చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అన్నారు. విజయేందర్‌కు ఊపొచ్చింది.

"అటెన్క ఏడికి పోయిండు సార్ ఆయన?" అని అడిగాడు కరుణాకర్.

"నేనే చెయ్యి పట్టుకొని రైలు పట్టాల దాకా సాగనంపిన."

కరుణాకర్ తలాడించాడు. పేపర్ చంకలో పెట్టుకుని, జేబులోంచి కార్డు తీసి ప్రహ్లాద్ గారి చేతికిచ్చి, విజయేందర్ భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"నేను రైల్వే పోలీస్ ఇన్‌స్పెక్టర్‌ని సార్. వీళ్లంత పట్టాల మీద దొరికిన దిక్కులేని శవాలు, ఎవరన్న గుర్తువడ్తరేమోనని వైశాలి మేడంను మార్చురీకి పిలిపిచ్చి మేమే గీయించినం. మరి మీతోని చాయ్ ఎప్పుడు తాగిన్రో, జర ఠాణాకొచ్చి చెప్తరా?"