ఆగని ప్రోగ్రాం

ఉపేందర్ ఆపేసిన ప్రోగ్రాం మళ్ళీ లేచి కూర్చుంది.

"అరె, ఇది ఆగదేంది!" అంటూ తెర మీదికి వంగాడు.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచి అప్పటికి ఏడాది కూడా కాలేదు. విమానాల్లో సరుకు పంపే ఒక కంపెనీ ఆ పక్కనే కొత్తగా ఆఫీసు పెట్టింది. ఉపేందర్ అక్కడికి ఉద్యోగం కోసం పరీక్షకు వచ్చాడు. పరీక్ష అంటే రాసేది కాదు. పొద్దున్నే మేనేజర్ రామచంద్రయ్య అతన్ని ఒక గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఒకే ముక్క చెప్పి పోయాడు.

"మా సర్వర్ కొన్ని దినాల సంది నత్త లెక్క నడుస్తున్నది. ఎందుకో కనిపెట్టు. మధ్యాహ్నం బువ్వ యాళ్లకు బాగు చేసి చూపెట్టు. దాని మీద అన్ని అధికారాలు నీకిచ్చిన."

లినక్స్ మిషన్ అది. బొమ్మలూ రంగులూ ఉండవు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలే. 'పీఎస్' అని కొడితే, ఆ క్షణాన లోపల నడుస్తున్న పనులన్నీ వరుసగా కనబడతాయి. ఏ పనికి ఏ నంబరో, అది మిషన్‌ని ఎంత తింటోందో కూడా పక్కనే ఉంటుంది. ఉపేందర్ ఎక్కువ తినేది పైకి వచ్చేలా పెట్టుకున్నాడు. పై వరుసలో ఉన్నదాన్ని చూశాడు, 'కిల్' కొట్టి ఆపేశాడు. దొంగ దొరికాడని చేతులు కూడా దులుపుకున్నాడు.

కాసేపటికి అదే ప్రోగ్రాం కొత్త నంబరుతో మళ్ళీ పైన తేలింది.

మళ్ళీ ఆపాడు.

"అయ్యో, మళ్ళీ పోయిందే!"

ఆ మాట గదిలో ఉన్న రెండో కంప్యూటర్ దగ్గర నుంచి వచ్చింది. అదీ ఆ సర్వర్‌కే కలిపి ఉంది, అక్కడ ఒకామె పని చేసుకుంటోంది. ఉపేందర్ వచ్చేసరికే ఉంది. ఫ్యాన్ స్విచ్ ఎక్కడుందో చూపించింది కూడా ఆమే. ఆఫీసు మనిషే అనుకుని అతను మేడమ్ అని పిలుస్తున్నాడు.

"మేడమ్, పైన కనబడేది మీ ప్రోగ్రామా?"

"అవునండీ. పాత సరుకుల వివరాలన్నీ కలిపి సరిచూడాలి. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటి నుంచే. మీరా ఆపుతోంది?"

ఉపేందర్ సిగ్గుపడాల్సింది. కోపం తెచ్చుకున్నాడు.

"మరేం జెయ్యమంటరు మేడమ్? మిషనంతా అదే తింటున్నది. నేనొక్క అక్షరం కొడితే జవాబు ఎప్పుడొస్తదో ఎర్కలేదు. మీ పని రేపు చేసుకోరాదా?"

"రేపా?" అందామె.

అతను లేచాడు, గడియారం చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. కిటికీ అద్దాలు అదిరేలా ఒక విమానం పైకి లేచింది. అది చూసి ఇంకా బెంబేలెత్తాడు.

"జర పరేషాన్‌ల ఉన్న మేడమ్, ఏమనుకోకుండ్రి. కాటేదాన్‌ల నేను కంప్యూటర్లు చూసే ఫ్యాక్టరీ మూసేసిండ్రు. ఈ నౌకరి రాకుంటే ఇగ దుబాయ్ పోవుడే. మా బావ వీసా తెచ్చిపెట్టిండు. ఇంట్ల బిడ్డ పుట్టి నెల గాలె. ఇప్పుడు పోతే, నేను మళ్ళొచ్చేసరికి నన్ను చూసి ఎవడో అనుకొని ఏడుస్తది."

ఆమె చెయ్యి కీబోర్డు మీదే ఉంది. ఒక్క మీట నొక్కితే ప్రోగ్రాం మళ్ళీ మొదలవుతుంది.

"పాపా?"

"పాపనే."

"పేరు పెట్టారా?"

"యాడ మేడమ్! నౌకరి సంగతి తేలనియ్యి, అప్పుడు పెడదామన్నది మా అనుపమ."

ఆమె కీబోర్డు మీది చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీరు కానివ్వండి. నేనిక మొదలుపెట్టను."

"మధ్యాహ్నం దాకనే మేడమ్, గంతే!"

అప్పుడే తన తెర వైపు తిరిగిపోయాడు. ఆమె పని ఏమిటో, ఎవరికి ఎప్పటిలోగా ఇవ్వాలో అడగలేదు. ఇంకొకరి గోల వినే తీరిక ఆ పూట అతనికి లేదు.

ఈసారి పీఎస్ కొడితే, ఇంతసేపూ కింద అణిగి ఉన్నవి పైకొచ్చాయి. పెట్టెల మీద అంటించే లేబుళ్ళు అచ్చు వేసే చిన్న ప్రోగ్రాం అది. ఒకటి కాదు, తెరలు తెరలుగా అదే పేరు. లేబుల్ అచ్చయిన ప్రతిసారీ ఒక కాపీ పని ముగిసినా పోకుండా లోపలే తిష్ఠ వేస్తోంది. ఒక్కోటి తినేది చిటికెడే, అన్నీ కలిసి మిషన్‌ని నమిలేస్తున్నాయి. పై వరుసనే పట్టుకుని వేలాడటంతో అతను అంతవరకూ కిందికి చూడలేదు.

అన్నింటినీ ఊడ్చేశాడు. మళ్ళీ చేరకుండా ఆ ప్రోగ్రాంలోని తప్పు దిద్దాడు. సర్వర్ చురుగ్గా కదిలింది.

"దొరికింది మేడమ్!"

రెండో కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె ఎప్పుడు వెళ్ళిందో కూడా అతను గమనించలేదు.

రామచంద్రయ్య వచ్చి అటూ ఇటూ నొక్కి చూశాడు. "శబాష్! నౌకరి నీదే పో," అన్నాడు. అనుపమకు ఫోన్ చేసి ఆ మాట చెబుతూ ఉపేందర్ అందరి ముందే ఏడ్చేశాడు.

చేరిన రోజున కోవా డబ్బా పట్టుకుని నేరుగా ఆ గదికే వెళ్ళాడు. మొదటి ముక్క మేడమ్‌కే ఇవ్వాలని అతని పట్టుదల. ఆమె లేదు. ఎదురొచ్చిన రామచంద్రయ్యను అడిగాడు.

"సార్, ఆ మేడమ్ ఏ సెక్షన్‌ల ఉంటది?"

"ఏ మేడమ్?"

"ఈ రెండో కంప్యూటర్ కాడ కూసున్న మేడమ్. ఆ దినం నా కోసం తన పని ఆపుకున్నది సార్. లేకుంటే నాకు ఈ నౌకరి యాడిది?"

డబ్బాలోకి పోతున్న రామచంద్రయ్య చెయ్యి ఆగింది.

"మాధవీలతనా? నీ కోసం ఆపుకున్నదా? 'ఇచ్చిన పని కాలేదు సార్, తప్పు నాదే' అని చెప్పి పోయింది. నేను గూడ ఇంకేం అడగలె."

"అంటే, ఆమె మన ఆఫీసుల చెయ్యదా సార్?"

"మన ఆఫీసేంది ఉపేందర్," అన్నాడు రామచంద్రయ్య, "ఉన్న ఒక్క నౌకరికి ఆ దినం ఇద్దరిని పిలిచినం, నువ్వొకడివి, ఆమె ఒకతె."