మొదటి కొమ్మ మీది పిట్ట

మ్యూజియం మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంటే పరిశోధకురాలి మెడలోని తాడు పుటుక్కున తెగింది.

గుర్తింపు కార్డు ఎగిరి, మెట్ల పక్కన కూర్చున్న ముసలావిడ ఒళ్ళో పడింది.

"మెల్లిగా అమ్మాయ్! కొంపేమైనా మునిగిందా?"

"మునగలేదు బామ్మగారూ, తేలింది! కార్డు ఇలా ఇవ్వండి."

"ఈ తాడు పీలికలైపోయింది, ఇక పనికిరాదు. ఉండు." ఆవిడ సంచిలోంచి తెల్లదారం ఉండ తీసింది.

పరిశోధకురాలు ఒక్కచోట నిలబడలేకపోతోంది. చంకలో చుట్టిన పెద్ద కాగితం ఉంది. ఎనిమిది నెలల పని ఆ ఉదయమే తేలింది. ఎవరో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలిపోయేలా ఉంది.

"లోకంలో ఉన్న పక్షుల్లో సగానికి పైగా ఒకటే వంశం, తెలుసా బామ్మగారూ? కాకి, పిచ్చుక, గిజిగాడు, అన్నీ దాయాదులే! మూడు వేళ్ళు ముందుకి, ఒకటి వెనక్కి. కొమ్మని పట్టుకునే కాలు. కోట్ల ఏళ్ళ కిందట ఒక్క మూలం నుంచి మొదలై, ఇప్పుడు ఆరువేల రకాలు దాటాయి!"

"నిద్రపోయినా కొమ్మ వదలవు," అంది ముసలావిడ, దారం మెలివేస్తూ. "కాలు మడిస్తే చాలు, వేళ్ళు వాటంతటవే బిగుస్తాయి. కోసినప్పుడు లోపలి నరం లాగి చూడు. టక్కున ముడుచుకుంటాయి."

కోళ్ళ కొట్టు నడిపిన మనిషి కాబోలు అనుకుంది పరిశోధకురాలు.

"లోపల పిట్టలున్నాయటగా. ఒక్కసారి చూడనిస్తారా?"

"ఇవాళ చూడ్డానికి వచ్చేవాళ్ళకి సెలవు. రేపు రండి."

"పన్నెండింటి బస్సుకి వెళ్ళిపోవాలమ్మా. మళ్ళీ ఇంత దూరం రాలేను. అన్నీ అక్కర్లేదు, ఒక్క పిట్ట చాలు. మట్టిరంగుది."

పరిశోధకురాలికి నవ్వొచ్చింది. "మట్టిరంగు పిట్టలు మా దగ్గర నాలుగొందలున్నాయి బామ్మగారూ!"

"దాని కూత ఎలా ఉంటుందో చెప్తాను, అప్పుడు..."

"మా దగ్గరున్నవి కూయవు, అదే వచ్చిన చిక్కు!" కార్డు మెళ్ళో వేసుకుని ఆమె అప్పటికే నాలుగు మెట్లు ఎక్కేసింది. "వస్తానండీ, థాంక్స్!"

"ఆ ముడి ఊడదులే," అని వెనకనుంచి వినిపించింది.

పైన గదిలో బల్ల మీద కాగితం పరిచింది. నాలుగు మూలలా పుస్తకాలు పెట్టాల్సి వచ్చింది. డైరెక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా పిట్టల సొరుగులు చూసుకునే మనిషి, అందరూ సొరుగుల బాబాయి అంటారు, తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇదిగో సార్, వంశవృక్షం. ఇటువైపు కూత పుట్టుకతోనే వచ్చేవి. అటువైపు పాట నేర్చుకుని పాడేవి. ఈ రెండూ విడిపోకముందే, ఇక్కడ, మొదట్లోనే, విడిగా ఒక కొమ్మ! దాని మీద ఒకే ఒక్క పిట్ట!"

డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "ఏదీ ఆ పిట్ట?"

బాబాయి ట్రే తెచ్చి పెట్టాడు. దూది కూరిన చిన్న పిట్ట. చూడ్డానికి ఏమీ లేదు.

"నలభై ఏళ్ళుగా మన పిచ్చుకల సొరుగులోనే ఉంది సార్!"

"పిచ్చుకల్లో పడేశామా దీన్ని!" డైరెక్టరు నవ్వుతూ బల్ల చరిచాడు. "బతికున్నది ఒక్కటి దొరికిందంటే... ఇంతకీ ఎక్కడిది?"

పరిశోధకురాలి మొహంలో వెలుగు కాస్త తగ్గింది.

పిట్ట కాలికి కట్టిన చీటీలో, చోటు రాసిన సగాన్ని పురుగు తినేసింది. మిగిలింది ఒక్క పేరు. సేకరించినది పాత డైరెక్టరు.

"ఆయన పోయి ఇరవై ఏళ్ళు సార్. వాళ్ళమ్మాయిని కూడా అడిగాను. నోటు పుస్తకాలన్నీ చెదలు పట్టి పోయాయట."

"చోటు చెప్పు, రేపే మనుషుల్ని పంపుతాను. చోటు తెలియకపోతే ఇదంతా ఒక్క చచ్చిన పిట్ట మీద నిలబెట్టిన మాట. ఎవరు నమ్ముతారమ్మా?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "పాత డైరెక్టరు గారికి రక్తం చూస్తే కళ్ళు తిరిగేవండి."

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"మరి దీన్ని కోసిందెవరు?" అన్నాడు డైరెక్టరు.

"పిట్టల కోసం అడవికి వెళ్ళినప్పుడు ఆయన బృందానికి వంట చేసిపెట్టిన అమ్మాయట. పట్టిందీ, కోసిందీ, దూది కూరిందీ అన్నీ ఆవిడే. ఆయనే నవ్వుతూ చెప్పేవారు. చీటీ కట్టిన ఈ ముడి చూడండి, మూడు మెలికలు, కొస మళ్ళీ లోపలికి. ఇన్నేళ్ళుగా ప్రయత్నిస్తున్నా, నా చేతికి లొంగలేదు."

"ఎనిమిది నెలలుగా ఈ మాట ఎందుకు చెప్పలేదు బాబాయ్!"

"మీరు ఆయన ఇంటి అడ్రసు అడిగారు. ఇచ్చాను."

"ఆవిడ పేరేంటి?"

"వంటవాళ్ళ పేర్లు చీటీ మీద రాయరు కదమ్మా."

పరిశోధకురాలు గంతు వేసినంత పని చేసింది. "పేరు లేకపోతే ఏం? వెతుకుదాం సార్! బతికుంటే డెబ్బై దాటి ఉంటాయి. ఆవిడకి చోటు గుర్తుండకుండా ఉంటుందా? ఎక్కడున్నా పట్టుకుంటాను!"

గోడ గడియారం పన్నెండు కొట్టింది. కిటికీ కింద బస్సు హారన్ మోగించి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

ఆమె భూతద్దం తీసుకుని, ఆ ముడిని దగ్గరగా చూద్దామని ట్రే మీదికి వంగింది.

మెళ్ళోని కార్డు ముందుకు జారి పిట్ట కాలి పక్కన ఆగింది. కార్డుని కట్టిన తెల్లదారంలోనూ మూడు మెలికలు, కొస మళ్ళీ లోపలికి.