దిగకుండా ఒక్కసారి

పలాస స్టేషను బయట సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ధర్మారావు పేరు పేరునా పిలిచి ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి అప్పగిస్తున్నాడు.

టెక్కలిలో అతనికి సైకిళ్ళ కొట్టుంది. ఏటా దసరా సెలవులకి, షోకున్న కుర్రాళ్ళని కూడేసి, ఉద్దానం తోటల మీదుగా డొంకూరు సముద్రం దాకా దగ్గరుండి తిప్పి తీసుకొస్తాడు. పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదో సంవత్సరం దసరాకి ఆ కుర్రాళ్ళ మధ్యకి నెరిసిన మీసాలతో ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. పేరు పోలారావు.

"తొక్కడం వొచ్చునా పెద్దాయనా?" అన్నాడు ధర్మారావు, అనుమానంగా.

"వొచ్చు బాబూ. ఖరగ్‌పూర్ రైలు కార్ఖానాలో ఉన్నన్నాళ్ళూ ఏ ఆదివారమో తొక్కీవోణ్ణి."

"ఆదివారం సైకిలుతోటి అంత దూరమేటి?"

"మా ఊరు ఆ దారమ్మటే ఉంది బాబూ. కవిటికి యివతల."

"అక్కడ మీవోళ్ళున్నారా?"

"ఎవులూ లేరు. ఈధి ఉంది."

ధర్మారావుకి ఆ మాట అర్థం కాలేదు. అయినా సైకిలిచ్చాడు.

పోలారావుకి సముద్రం మీద మోజు లేదు. పుట్టిన ఊరి వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి, ఒక్కసారి, దిగకుండా సైకిలు తొక్కాలి. అంతే. చిన్నతనంలో ఊరొదిలి పోయినప్పటి నుంచీ మనసులో ఏవేవో కోరికలు పుట్టాయి, పోయాయి. ఇదొక్కటి మాత్రం పోలేదు. ఒక్కడే రావడానికి ధైర్యం చాల్లేదు. నలుగురిలో కలిసిపోతే పని జరిగిపోతుందని ఈ గుంపులో చేరాడు. ఆ వయసులో ఇదేం సరదా అని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

మొదటి ఊరు రాగానే దిగిపోయాడు.

"గొలుసు జారింది బాబూ" అన్నాడు. ధర్మారావు వెనక్కొచ్చి చూశాడు. గొలుసు బిగువుగానే ఉంది. పోలారావు ఊరు దాటేదాకా సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. అందరూ ఎండలో కాచుకుని నిలబడ్డారు.

రెండో ఊళ్ళో మోకాలు పట్టేసిందన్నాడు. మూడో ఊళ్ళో ఏ సాకూ దొరకలేదు. ఊరికే దిగాడు. దిగిన ప్రతిసారీ అతని మొహం చూడలేకుండా ఉంది.

"యాత్రకి బయల్దేరి మనం ఊరేగింపు చేస్తున్నట్టుందండీ" అన్నాడు మన్మథరావు. బరంపురం కోర్టులో గుమాస్తా. నోరు ఊరుకోదు.

మధ్యాహ్నం ఒక కొబ్బరితోటలో ఆగారు. కుర్రాళ్ళు నూతి దగ్గర చేరి కాళ్ళూ చేతులూ కడుక్కుని, మూటలు విప్పి, నాది నీకు, నీది నాకు అని పంచుకుంటున్నారు. పోలారావు దూరంగా ఒక చెట్టు మొదట్లో కూర్చుని తను తెచ్చుకున్న అటుకులు తిన్నాడు. సీసాలో తెచ్చుకున్న నీళ్ళే తాగాడు. నూతి వైపు రానైనా రాలేదు.

"పెద్దాయనకి మడి జాస్తిలాగుంది" అని మన్మథరావు కన్ను గీటాడు. "మన గాలి తగిలినా స్నానం చెయ్యాలి కాబోలు."

అందరూ నవ్వారు. పోలారావు కూడా నవ్వడానికి ప్రయత్నించాడు.

ధర్మారావు వచ్చి పక్కన కూర్చున్నాడు. "పెద్దాయనా, నాకు తెలీకడుగుతాను. తోటల్లో మాత్రం మాకందరికన్నా ముందు ఎల్తన్నావు. ఇసకలో కూడా సైకిలు తూలనీవు. ఊరొచ్చిందంటే కాళ్ళు పడిపోతన్నాయి. ఏటిది?"

"జనాన్ని సూత్తే బయం బాబూ. అలవాటు తప్పినోణ్ణి. ఎవులి మీదికైనా ఎల్లిపోతానేమోనని."

"ఇలాగైతే పొద్దుపోయినా డొంకూరు సేరలేం. కవిటిలో బండి కట్టిత్తాను. పలాస ఎల్లిపో."

పోలారావు చేతులు జోడించాడు. తండ్రి వయసువాడు అలా జోడించేసరికి ధర్మారావుకి సిగ్గేసింది.

"మా ఊరొక్కటి దాటనియ్యి బాబూ. ఆ తర్వాత నీ యిష్టం."

మన్మథరావు నోరు చెడ్డదే గానీ మనసు చెడ్డది కాదు. "మీరు మధ్యలో ఉండండి. మేం చుట్టూ తొక్కుతాం. మీకెవ్వరూ అడ్డం రారు. వస్తే నేను పడతాను" అన్నాడు.

అలాగే బయల్దేరారు. ముందు ధర్మారావు, రెండు పక్కలా కుర్రాళ్ళు, మధ్యలో పోలారావు. తోట అయిపోయింది. కళ్ళం దాటారు. అదిగో వీధి. జనమంతా పొలాల్లో ఉన్నారు. పిల్లలు కూడా లేరు. ఒక పెద్ద ఇంటి అరుగు మీద మాత్రం పండు ముసలాయన ఒకడు, మొహాన పైపంచె కప్పుకుని గురక పెట్టి నిద్రపోతున్నాడు.

"తొక్కండి, తొక్కండి" అంటున్నాడు మన్మథరావు.

పోలారావు పళ్ళు బిగించి తొక్కాడు. మొదటి ఇల్లు దగ్గరకొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకొక్క పది బారలు పోతే అరుగు.

దిగిపోయాడు.

వెనకున్నవాళ్ళు అతని మీద పడబోయి తమాయించుకున్నారు. ధర్మారావుకి ఒళ్ళు మండింది. "ఈధిలో పురుగైనా లేదు. దేనికి పెద్దాయనా బయం?"

పోలారావు సైకిలు పక్కకి లాగి వాళ్ళకి దారిచ్చాడు.

"మీరు పదండి బాబూ. నాకింక ఈ జన్మకి రాదు."

"కవిటిలో బండి సూత్తాను. నెమ్మదిగా రా" అని ధర్మారావు కుర్రాళ్ళని తీసుకుని సాగిపోయాడు.

సైకిళ్ళ గంటలు వినబడనంత దూరం పోయాక, ఖరగ్‌పూర్ పోలారావు తలపాగా తీసి, చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, నలభై ఏళ్ళ కిందటి మాలపేట పోలిగాడిలాగే నడుం వంచి, నిద్రపోతున్న నాయుడి అరుగు ముందు నుంచి చప్పుడు కాకుండా సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాడు.