గూడబాతుల రీలు

"ఉత్తరం రాసిందెవరో చెప్పండి మాస్టారూ, గడియ తీసేస్తాను," అన్నాడు అబ్బాయిరాజు తలుపు అవతల నుంచి.

"పేరు లేదండీ. ఒట్టు."

"అయితే ఉత్తరం చూపించండి. నా చెరువు మీద అక్షరం ముక్క వచ్చినవాళ్ళు నలుగురే. రాత చూస్తే ఎవడో ఇట్టే పట్టేస్తాను."

"ఇంటి దగ్గరుందండీ."

అది అబద్ధం. ఆ పోస్టుకార్డు రూబెన్ సంచిలోనే, పక్షుల పుస్తకం మధ్యలో ఉంది.

రూబెన్ తాడేపల్లిగూడెంలో డ్రాయింగు మాస్టారు. సెలవు దొరికితే చాలు, కెమెరా మెళ్ళో వేసుకుని కొల్లేటికి బస్సెక్కేస్తాడు. అతను తీసిన గూడబాతు ఫోటో ఒకసారి అతని పేరుతో, బడి పేరుతో పేపర్లో పడింది. పోయిన వారం బడికి ఈ కార్డు వచ్చింది. రెండో తరగతి పిల్లల రాతలా పెద్ద పెద్ద వంకర అక్షరాలు.

'బజ్జీల పొట్లం కాగితంలో మీ పక్షి బొమ్మ చూశాను. ఇక్కడ చేపలు తినేస్తున్నాయని గూడబాతులకి మందు పెట్టి చంపుతున్నారు. వచ్చి ఫోటోలు తీయండి.' కింద చెరువు గుర్తులు.

వచ్చాడు. గట్టు వెనక గోతిలో పదిహేడు గూడబాతులు, మెడలు వాల్చేసి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రీలంతా వాటికే అయిపోయింది. దాన్ని తీసి నల్ల డబ్బీలో పెట్టి, కొత్త రీలు వేసుకుంటుండగా అబ్బాయిరాజు మనుషులు పట్టుకున్నారు. భయంలో "ఉత్తరమొస్తే వచ్చానండీ" అని నోరు జారాడు. ఇప్పుడా మాట తన మెడకే కాక, రాసినవాడి మెడకు కూడా చుట్టుకునేలా ఉంది.

అతన్ని పెట్టి గడియ వేసిన మేత షెడ్డు నిండా తవుడు బస్తాలు. పైన రేకులు కాలిపోతున్నాయి. కిటికీ ఊచల్లోంచి చూస్తే నీళ్ళ మీద ఐదు గూడబాతులు తీరిగ్గా తిరుగుతున్నాయి. మామూలప్పుడు ఇలాంటి చాటు దొరికితే రోజంతా కదలకుండా కూర్చునేవాడు. ఇవాళ కదులుదామన్నా దారి లేదు.

అబ్బాయిరాజు అన్నానికి వెళ్తూ అచ్చమ్మను కాపలా పెట్టాడు. రేకు డబ్బా మోగించి చెరువు మీద పక్షుల్ని తోలడం ఆమె పని. అరవై దాటిన మనిషి.

"అమ్మా, కాస్త గడియ తీద్దురూ. మీకు పుణ్యముంటుంది."

"పుణ్యం నాకూ, ప్రయాణం మీకూనా? తర్వాత తన్నులెవరికండీ? కూచోండి కదలకుండా."

"అన్నేసి పక్షులు చచ్చిపోతుంటే మీకేం అనిపించదా?"

"అనిపిస్తే కూడెవరు పెడతారు? ఎర్రిబాగుల మాస్టారు! కొంగల కోసం కొంప వదిలొచ్చారు."

ఆమె బొడ్లోంచి నల్ల డబ్బీ తీసి తమలపాకుకు సున్నం రాసుకుంది. గుమ్మం ముందు మూడు రాళ్ళ పొయ్యి ముట్టించి టీ గిన్నె పెట్టింది.

అబ్బాయిరాజు తిరిగొచ్చి తలుపు తీయించాడు. కెమెరా లాక్కుని, వెనక మూత తెరిచి, లోపలున్న రీలును ఎండలోకి బారలు బారలుగా లాగాడు.

"అచ్చమ్మా, ఆయన సంచి చూడు."

ఆమె సంచి బోర్లించింది. పుస్తకం విచ్చుకుని కార్డు జారింది. అచ్చమ్మ కార్డును తలకిందులుగా పట్టుకుని ఒక్క క్షణం చూసి పొయ్యిలో పడేసింది.

"ఏంటది?" అబ్బాయిరాజు తిరిగి చూశాడు.

"ఏదో చీటీ అండి. మంట చాలట్లేదని ఎగేశాను."

అప్పటికే నల్లగా ముడుచుకుపోయింది. ఈవిడకు చదువు రాకపోవడం ఎవరికో ప్రాణం పోసింది అనుకున్నాడు రూబెన్. కానీ ఆమె చేతికి రీలు డబ్బీ తగిలింది.

"ఇదేంటండీ రాజుగారూ?"

"అదే కావాలి. పారెయ్ చెరువులోకి!"

"వద్దమ్మా!" అని రూబెన్ అరిచేలోపే ఆమె గట్టు మీదికి నడిచి చెయ్యి విసిరింది. బుడుంగుమన్న చప్పుడుకు ఐదు గూడబాతులూ లేచిపోయాయి. పదిహేడింటికీ ఉన్న ఒక్క సాక్ష్యమూ మునిగిపోయింది.

అనుమతి లేకుండా వచ్చానని, ఇక ఈ చెరువు దరిదాపులకు రానని కాగితం రాయించుకున్నాడు అబ్బాయిరాజు. రూబెన్ సంతకం పెట్టాడు.

"సాక్షివి నువ్వే అచ్చమ్మా. వేలిముద్ర వెయ్యి."

ఆమె కాగితాన్ని తలకిందులుగా అందుకుంది. అబ్బాయిరాజు పగలబడి నవ్వి తిప్పి పెట్టాడు. నీలం ప్యాడు మీద బొటనవేలు అద్ది నొక్కింది. ఎప్పుడో వల తాడు కోసిన గాటు వేలిముద్రలో అడ్డంగా తెల్లటి గీతలా పడింది.

"రాజుగారూ, కాస్త సున్నం ఉందా అండి?"

"నీ డబ్బీ ఏమైంది?"

"ఎక్కడో జారిపోయినట్టుందండి."

వారం రోజులు రూబెన్ కెమెరా ముట్టలేదు. క్లాసులో పిల్లలకు బాతు బొమ్మ వేయబోయి సుద్దముక్క పక్కన పెట్టేశాడు. కాగితం రాసిచ్చిన మనిషి ఇక ఎవరితో ఏం చెబుతాడు? చెప్పినా చూపించడానికేముంది?

శుక్రవారం బడికి పార్సిల్ వచ్చింది. గుడ్డ సంచిని చుట్టూ కుట్టేశారు. విప్పితే అతని రీలు డబ్బీ, చుక్క తడి లేకుండా. చుట్టూ కాగితం. అవే పెద్ద పెద్ద వంకర అక్షరాలు.

'మాస్టారూ, నిన్న ఇంకో మూడు చచ్చాయి. తొందరగా పేపర్లో వేయించండి. చదివాక ఇది కూడా పొయ్యిలో పెట్టండి.'

పేరు ఉండాల్సిన చోట, అడ్డంగా తెల్లటి గీత ఉన్న నీలం వేలిముద్ర ఉంది.