విలేకరి రాత

గొంతు ఆపరేషనయి మాట పోయిన విలేకరి మంచం పట్టీని దబదబా బాదాడు. నర్సు పరుగున వచ్చింది. అతను పక్కనున్న తెర వైపు చెయ్యి చూపిస్తే, చలి కాబోలనుకుని తెరకు ఇవతలి కిటికీ మూసింది. అయినా బాదుడు ఆపలేదు.

"ఇంకేం కావాలో రాయండి," అంటూ కాగితం, పెన్ను ఇచ్చింది.

రాశాడు. ఎప్పటిలాగే అక్షరాలు తారుమారయ్యాయి, వత్తులు ఎటో పోయాయి.

"పేపర్లో వార్తలు రాసేవారు, ఇదేం రాతండీ? మెదడుకేమైనా అయిందా ఏంటి!"

కీబోర్డు కావాలన్నట్టు అతను పది వేళ్లూ దుప్పటి మీద టకటకా ఆడించాడు. ఫిట్సనుకుని ఆమె చేతులు రెండూ మంచానికి కట్టేసి, డాక్టరుకు కబురు పంపింది. అతని కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

గంటకు, డాక్టరు కన్నా ముందే అతని భార్య వచ్చింది.

"అయ్యో, కట్లు విప్పండమ్మా! ఆయనకి డిస్లెక్సియా. చేత్తో రాయలేరు. కంప్యూటరైతే తప్పులు అదే దిద్దిపెడుతుంది."

ల్యాప్‌టాప్ తీసి ఒళ్లో పెట్టింది. అతను ఒక్కో అక్షరమే కొట్టాడు. నర్సు వంగి చదివింది.

"తెర అవతల పెద్దాయనకి ఊపిరాడటం లేదు, చూడమని పిలిచాను. కాసేపటికి ఆయన రొప్పే చప్పుడు ఆగిపోయింది."