పింగాణి దిమ్మ మీద మరక

“తప్పు మీ దగ్గర జరిగింది. నింద తెచ్చి నా లేత్ మీద పెడ్తున్నరు,” అన్నాడు ఘనీ, చేతిలోని కాగితాన్ని బల్ల మీదికి విసిరేసి. “ఏసీ గదులల్ల కూసునేటోళ్లు తప్పే చెయ్యరా సారూ? ఎప్పుడు చూసినా నూనె చేతులోడేనా చేసేది?”

ఆ సారు పేరు దేవన్న. మాచారెడ్డి మనిషి, హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాడు. పొద్దున బయలుదేరి కామారెడ్డిలో బస్సు మారి ఎల్లారెడ్డిలోని ఈ లేత్ షాపుకు చేరాడు. సంచిలోంచి ఒక పొట్లం తీసి విప్పాడు. అందులో ఉన్నది ఘనీ చేసిన వస్తువే. అగ్గిపెట్టెంత తెల్లటి పింగాణి దిమ్మ, దానికి బిగించిన నాలుగు సన్నటి కడ్డీలు. దిమ్మ అడుగున, సరిగ్గా నడుమ, వేలి కొసంత మరక.

ఆ నాలుగు కడ్డీల మధ్య ఒకే ఒక్క పరమాణువును, విద్యుత్తు అంటినదాన్ని, దేనికీ తగలకుండా గాలిలో నిలబెట్టాలి. గాలిలో అనడమూ తప్పే. దాన్ని పెట్టే డబ్బాలో గాలి కూడా ఉండకూడదు. అట్లా పట్టి నిలిపిన పరమాణువులతో లెక్కలు చేయించే కొత్తరకం కంప్యూటరు వస్తుందట. పరమాణువును పట్టే ఈ కడ్డీల బోను ఎంత చిన్నదైతే అన్ని బోనులు పక్కపక్కన పేర్చవచ్చు. అందుకే బోరు మోటార్ల షాఫ్టులు బాగుచేసే ఘనీ నాలుగు నెలలు కళ్లు పొడుచుకుని, వెంట్రుక మందం తేడా రాకుండా దీన్ని చేశాడు. ఇది పనిచేస్తే ఇట్లాంటివి ఇంకో వంద అతని దగ్గరే చేయించాలని మాట.

పనిచేయలేదు. మూడు వారాలు డబ్బాను వేడి చేస్తూ గాలి తోడే పంపులు నడిపినా అది పూర్తిగా ఖాళీ కాలేదు. మరకలోంచి ఏదో ఆవిరి ఊరుతూనే ఉంది. లేత్ నూనె అని ప్రయోగశాల పెద్దలు తేల్చారు. తేల్చినవాళ్లలో ఒక్కడూ లేత్ మొహం చూసినవాడు కాదు. 1998 జూలై తారీఖుతో ఇంగ్లీషులో కాగితం కొట్టించారు. చేసినవాని అజాగ్రత్త వల్ల పాడైంది, ఇకమీదట ఈ షాపుకు పని ఇవ్వకూడదు అని అందులో ఉందని దేవన్నే చదివి చెప్పాడు. కింద ఘనీ సంతకం పెట్టాలి.

ఘనీ తను ఎట్లా కడిగాడో మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. పెట్రోలుతో కడిగి, ఆపైన స్పిరిటుతో కడిగి, దేవన్న ఇచ్చిన తొడుగులు వేసుకునే కడ్డీలు బిగించాడు. ఆ వారం తలకు నూనె కూడా రాయకపోతే పెళ్లాం కుల్సుం, ఏ దర్గకు మొక్కినవని నవ్వింది. దేవన్న అంతా విన్నాడు. విని, కలం ముందుకు జరిపాడు. వెంట్రుకలో వందో వంతు కొలిచే యంత్రాలున్నాయి వాళ్ల దగ్గర. లేత్ పనివాడు చెప్పే మాటకు మాత్రం సాక్షి కావాలి.

“నేను నమ్ముతున్న భాయ్. నేను నమ్మితే ఏమైతది? నన్ను అడిగేటోడెవడు? నువ్వు సంతకం పెట్టకున్నా గదే రాసుకుంటరు.”

ఘనీ కలం వైపు చూశాడు. పని చెడగొట్టిండన్న మాట ఒకసారి పుడితే అది హైదరాబాదులో ఆగదు. రేపు మోటారు తెచ్చే రైతు కూడా పక్క షాపు మెట్లెక్కుతాడు. అది అతనికి తెలుసు.

బోరు మోటారులో అరిగిన బుష్ మార్పించుకునేందుకు వచ్చి గడప మీద కూర్చున్న పోచవ్వ అప్పటిదాకా తమలపాకు నములుతూ వింటోంది. లేచి వచ్చి దిమ్మ మీదికి వంగింది. ముట్టుకోవద్దని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

“ఇంకేం ఖరాబైతది కొడుకా, అయ్యేదంత అయిపాయె,” అంటూనే గోరుతో గీకింది. మాడిన పైపొర కింద పచ్చగా కనబడింది. లేత్ నూనె తన చీరకు ఎన్నిసార్లు అంటిందో, ఇది అది కాదని చెప్పి, బొడ్లోంచి సున్నం డబ్బీ తీసింది. ఇంత సున్నం వేలికి తీసుకుని, నీళ్లతో తడిపి, మరక మీద రాసింది.

చూస్తుండగానే మరక ఎర్రబారింది.

“పసుపు,” అని పోచవ్వ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. బుష్ ఎప్పుడైతదో అడిగి, వెళ్లి మళ్లీ గడప మీద కూర్చుంది.

పసుపు ఘనీ ఇంట్లోనూ ఉంటుంది కదా, కూర తిన్న చెయ్యి తగిలిందేమో అన్నాడు దేవన్న. అని ఊరుకోక, పెద్దలు కూడా ఇదే అంటారన్నాడు.

నూనె కాదని తేలినా మరక ఘనీదే అవుతోంది. ఘనీ అడిగాడు, కూర చెయ్యి తగిలితే సరిగ్గా నడుమ, కొలిచినట్టు గుండ్రంగా పడుతుందా అని. ప్రయోగశాలలో దీనికి బొట్టు పెట్టి పూజ ఎవరు చేశారని అడిగాడు. దేవన్న, తమ పెద్దాయన అగరుబత్తి కూడా వెలిగించనివ్వడన్నాడు. చివరికి మరక వైపు చూడకుండా చెప్పాడు.

“డబ్బా మూసే ముందు, ఎవలు లేంది చూసి నేనే పసుపు బొట్టు పెట్టిన భాయ్. వెంటనే స్పిరిటుతోని తుడిచిన. పోయిందనుకున్న. పింగాణి లోపటికి గుంజుకుంటదని తట్టలే.”

“తొడుగు లేకుంటనా?”

“తొడుగేసుకుని బొట్టెట్ల పెడ్తరు?” అన్నాడు దేవన్న. ఇది బయటపడితే తన నౌకరి పోతుందన్నాడు. ఇద్దరు పిల్లలన్నాడు.

ఘనీ కాగితాన్ని తిరగేసి, తెల్లగా ఉన్న వైపు అతని ముందు పెట్టాడు.

“నా పని పోతదని తెలిసి కూడ నా చేతికి కలమిస్తివి గద సారూ. ఇగో కలం. ఇప్పుడు చెప్పినదంత ఒక్క అక్షరం పోకుండ ఇక్కడ్నే రాయి. రాసి నీ సంతకం పెట్టు.”