తొమ్మిదో నంబరుకు కరెంటు

బుల్లి జనరేటర్ రెండిళ్ల భారం మోయదు. క్రీస్తురాజు రెండుసార్లు ప్రయత్నించి చూశాడు. రెండుసార్లూ దగ్గి దగ్గి ఆగిపోయింది.

తుఫాను రాత్రంతా కొట్టి, తెల్లవారాక కాస్త తెరిపిచ్చింది. సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఆ రిటైరైనవాళ్ల కాలనీలో కరెంటు స్తంభాలు వరసగా పడుకున్నాయి. పెద్ద జనరేటర్ గదిలో మోకాలి లోతు నీళ్లు. మిగిలింది పాటల కచేరీలకు వాడే ఈ బుల్లిది ఒక్కటే. దాంతో నడవాల్సిన మిషన్లు మాత్రం రెండు. ఒకటి తొమ్మిదో నంబరు రూఫస్ గారింట్లో. ఇంకొకటి పదకొండులో, మాలకొండమ్మ ఆక్సిజన్ మిషన్.

క్రీస్తురాజు అసోసియేషన్ సెక్రటరీ. ముప్పై ఏళ్లు బస్టాండు మైకులో బస్సులు పిలిచిన గొంతు ఆయనది. గొంతు బాగుందని అందరూ కలిసి ఆ పదవిని ఆయన మెడకు చుట్టారు. కాలనీలో ఎవరూ ఫోనులో మెసేజ్‌లు చూడరు. నీళ్ల ట్యాంకు కడిగే సంగతైనా సరే, ఆయన చేతిమైకు పట్టుకుని వీధంతా తిరిగి చెప్పాల్సిందే. నిన్న మధ్యాహ్నం, గాలి మొదలవక ముందు, అలాగే తిరిగి చెప్పాడు.

"తొమ్మిదో నంబరు రూఫస్ గారికి సీరియస్‌గా ఉంది."

నెల్లూరు నుంచి బయల్దేరిన కూతురు వినీల, రోడ్డు మీదికి నీళ్లెక్కి చిల్లకూరు దగ్గర ఇరుక్కుపోయింది. టవర్లు పోకముందు చివరిసారి ఫోను చేసింది. "నేనొచ్చేదాకా ఎట్లైనా ఆపండి అంకుల్."

ఆపుతానమ్మా అని మాటిచ్చాడు. రూఫస్ ఆయనకు పొద్దుటి నడకలో జతగాడు. ఈ మాట తప్పితే తన మొహం తాను అద్దంలో చూసుకోలేడు.

"కరెంటు పోతే సాయంత్రం దాకా నిలవరన్నా," అంది రూఫస్ భార్య అబిగయీలు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో.

అయినా క్రీస్తురాజు ముందు పదకొండో నంబరుకే వెళ్లాడు. మాలకొండమ్మ దొరవారిసత్రం వైపు మనిషి. వరి కయ్యలు కౌలుకిచ్చి నెల కిందటే వచ్చింది. కాలనీ పద్ధతులు ఇంకా ఒంటబట్టలేదు. క్లబ్‌హౌసులో కుర్చీ వేస్తే పక్కకు జరిపి నేల మీద కూర్చుంటుంది.

ఇప్పుడు మాత్రం కిటికీ పక్క కుర్చీలో ఉంది.

"లైను మీకు తిప్పేదా అమ్మా? ముందు మీ మిషను, ఆ తర్వాతే ఏదైనా."

"ఆ అయ్యకి సీరియస్ అంటిరి గదా నిన్న?"

"అవునమ్మా."

"బిడ్డ వచ్చిందా?"

"దారిలో ఉండాది."

"అయితే ఆయనకే ఉంచండయ్యా. నాకేం, గాలి బాగానే వస్తా ఉండాది. బిడ్డ వచ్చేదాకా నిలబెట్టండి. కళ్లారా చూసుకోవాల గదా."

మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. ఆమె ఎప్పుడూ అంతే.

"నిజంగా బాగుండాదా?"

"వట్టి మాటలు నేనెందుకు చెబుతానయ్యా? పో, ఆడ చూసుకో పో."

క్రీస్తురాజుకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ కాలనీలో కుళాయి కోసం, కారు నిలిపే జాగా కోసం కొట్టుకునేవాళ్లనే చూశాడు. ఇలాంటి మనసును చూడలేదు.

బయట వెంకయ్య ఖాళీ బకెట్టుతో కాచుకుని ఉన్నాడు.

"రాజన్నా, ఒక గంట పంపుకియ్యి. బొట్టు నీళ్లు లేవు. ఆయన సంగతి ఎట్టాగూ అయిపోయింది. ఉండేవాళ్ల సంగతి చూడు."

"అట్టా అనేదానికి నోరెట్లా వచ్చింది వెంకయ్యా నీకు?"

"నేనన్నదాంట్లో అబద్ధమేముందన్నా?"

క్రీస్తురాజు ఆ బకెట్టు దాటుకుని వెళ్లిపోయాడు. జనరేటర్‌లో పెట్రోలు పోసి, వైరు తొమ్మిదో నంబరుకే ఉంచాడు. పొద్దంతా దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అది కాస్త మూలిగితే చటుక్కున లేచి నిలబడేవాడు.

మధ్యాహ్నం దాటాక ఎవరిదో ట్రాక్టరెక్కి వినీల వచ్చింది. నడుము దాకా బురద. ఎవరినీ పలకరించకుండా లోపలికి పరిగెత్తింది. "నాన్నా" అన్న కేక వీధి చివరిదాకా వినిపించింది.

క్రీస్తురాజు గుమ్మం బయటే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. అది చాలు.

కాసేపటికి అబిగయీలే బయటికొచ్చింది. "ఒక గంట ఆ పెద్దమ్మకి తిప్పండన్నా. పాపం, పొద్దుట్నుంచీ ఓర్చుకోని ఉండాది."

వైరు చుట్ట భుజానికెత్తుకుని ఆయన పదకొండో నంబరుకు నడిచాడు.

"మాలకొండమ్మ గారూ, మీ వంతొచ్చింది."

కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. గొట్టం ముక్కుకు పెట్టుకునే ఉంది. కరెంటు రాగానే ఆడాలని, మిషన్ స్విచ్చి కూడా ముందే వేసి పెట్టుకుంది. క్రీస్తురాజు ప్లగ్గు పెట్టాడు. మిషన్ గుర్రుమంది. ఆమె కదల్లేదు. చెయ్యి పట్టుకుని చూస్తే చల్లగా ఉంది.

గడప మీదే కూలబడిపోయాడు. తను అడిగాడు. బాగుందని ఆమే చెప్పింది. మరెందుకిలా అయిందో ఆయనకు అంతుపట్టలేదు.

చివరికి లేచి, వీధిలోకొచ్చి, చేతిమైకు నోటి దగ్గర పెట్టుకుని, నిన్న రూఫస్ గారి శవాన్ని ఫ్రీజర్ బాక్సులో పెట్టించి వచ్చి చెప్పినట్టే, ఆ కాలనీలో ఎవరు పోయినా ముసలి గుండెలు అదరకుండా చెప్పే మాటే చెప్పాడు: "పదకొండో నంబరు మాలకొండమ్మ గారికి సీరియస్‌గా ఉంది."